ఇంజిన్ పనికి షెడ్డు చెప్పిన లేబర్ న్యాయమేనా? తిరుపతి, చిత్తూరు కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

2019 మే నెలలో మా పెట్రోల్ కారు తిరుమల రెండో ఘాట్‌లో వేడెక్కి ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఎలాగో తిరుపతికి తెచ్చి చూపిస్తే ఒక షెడ్డులో "హెడ్ గ్యాస్కెట్ పోయింది, లేబర్ 6 వేలు" అన్నారు. ఇంజిన్ పై భాగాన్ని హెడ్డు అంటారు, దానికీ కింది బ్లాకుకూ మధ్య ఏమీ కారకుండా వేసే పలుచటి రేకే గ్యాస్కెట్. ఇంకో షెడ్డులో 11 వేలు అన్నారు. 6 వేలు చెప్పిన చోటే చేయించాను. ఆగస్టులో అదే గ్యాస్కెట్ మళ్లీ పోయింది. రెండోసారి విప్పినప్పుడు అసలు సంగతి తెలిసింది. మొదటి షెడ్డు హెడ్డును చదును చేయించడానికి లేత్ షాపుకు పంపనే లేదు, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌ను ముట్టుకోలేదు. 11 వేలు చెప్పినాయన ఆ రెండూ కలిపి చెప్పాడు. ఏమేం కలిపారని నేను అడగలేదు, ఆయనా విడమరిచి చెప్పలేదు.

అప్పటినుంచి బంధువులకో స్నేహితులకో ఇంజిన్ పని పడితే వాళ్ల వెంట షెడ్డుకు వెళ్తున్నాను. వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను.

లేబర్ మాత్రమే 25 వేలు అంటున్నారు. ఇది ఎక్కువా?

ఆ అంకె ఒక్కదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. చిన్న కారుకు హెడ్ గ్యాస్కెట్ మార్చడానికి 25 వేల లేబర్ అంటే నేనైతే లేచి వచ్చేస్తాను. అదే కారుకు ఇంజిన్ కిందికి దించి, పిస్టన్లు, క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే కింది ఇరుసు) అన్నీ చూసి, మళ్లీ కట్టి ఎక్కించడానికి 25 వేలు అడిగితే, అందులో లేత్ పని కూడా కలిసి ఉంటే, కూర్చుని మాట్లాడతాను.

బేరానికి దిగే ముందు "ఈ 25 వేలల్లో ఏమేం పనులున్నాయన్నా?" అని అడగండి. చెప్పింది కాగితం మీద రాయించుకోండి. షెడ్డులో లెటర్‌హెడ్ లేకపోతే తెల్లకాగితమైనా సరే, వాట్సాప్‌లో మెసేజ్ అయినా సరే. రాయడానికి ఇబ్బంది పడే మెకానిక్ ఉంటే మీరే రాసి చదివి వినిపించండి. మంచి పనివాడు దీనికి కోపగించుకోడు. తర్వాత గొడవ రాదని ఆయనకూ తెలుసు.

ఇంజిన్ పని అంటే ఒకటే కదా? ఒకరికీ ఇంకొకరికీ రేటులో ఇంత తేడా ఎందుకు?

మన దగ్గర "ఇంజిన్ పని" అనే మాటను మూడు వేర్వేరు పనులకు వాడతారు. తేడా అక్కడే మొదలవుతుంది.

మొదటిది హెడ్ పని. ఇంజిన్ బండిలోనే ఉంటుంది. పైన ఉన్న మానిఫోల్డులు (గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే గొట్టాలు), టైమింగ్ చైన్ లేదా బెల్టు విప్పి, హెడ్డు తీసి, గ్యాస్కెట్, వాల్వులు, ఆయిల్ సీళ్లు చూసి మళ్లీ బిగిస్తారు. రెండోది హాఫ్ ఇంజిన్. హెడ్డుతో పాటు కింద ఆయిల్ సంపు కూడా విప్పి, పిస్టన్లు బయటికి లాగి, రింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు మారుస్తారు. మూడోది ఫుల్ ఇంజిన్. గేర్‌బాక్స్ వేరు చేసి, చైన్ బ్లాకుతో ఇంజిన్‌ను దించి, క్రాంకు వరకూ పూర్తిగా విప్పుతారు.

ఒకాయన హాఫ్ ఇంజిన్ మనసులో పెట్టుకుని రేటు చెబుతాడు, ఇంకొకాయన ఫుల్ ఇంజిన్ లెక్కలో చెబుతాడు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి "వీడు దోచుకుంటున్నాడు" అనుకుంటాం. క్రాంకు బయటికి తీస్తారా, తీయరా? ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఏ పనికి రేటు చెప్పారో సగం తేలిపోతుంది.

లేబర్‌ను గంటల్లో లెక్క వేయడం ఎలా?

చిన్న నాలుగు సిలిండర్ల కారుకు హెడ్ గ్యాస్కెట్ పని చేతి పనిగా సుమారు 8 నుంచి 12 గంటలు పడుతుంది. ఇంజిన్ దించి పూర్తిగా కట్టాలంటే 25 నుంచి 40 గంటలు. ఇంజిన్ గది ఇరుకైన కార్లకు, టర్బో ఉన్న డీజిల్ కార్లకు ఇంకొంచెం ఎక్కువ. బండి షెడ్డులో పది రోజులుంటే పది రోజులూ పని జరిగిందని కాదు. లేత్ నుంచి హెడ్డు రావాలి, చెన్నై నుంచి సామాను రావాలి. ఆ ఎదురుచూపుకు కూలీ కట్టనక్కర్లేదు.

చెప్పిన లేబర్‌ను ఈ గంటలతో భాగించి చూడండి. లెక్క కోసం ఒక మాట అనుకుందాం: ఫుల్ ఇంజిన్‌కు 18 వేలు చెప్పారు, పని 30 గంటలు. గంటకు 600 అయింది. అందులో మేస్త్రీ ఒకరు, చేతి కింద కుర్రాడు ఒకరు, షెడ్డు అద్దె, కరెంటు, పనిముట్లు, మళ్లీ ఏదైనా తేడా వస్తే ఊరికే చేసి ఇవ్వాల్సిన బాధ్యత, అన్నీ ఉన్నాయి. నాకు అది అన్యాయంగా కనిపించదు. అదే హెడ్ గ్యాస్కెట్‌కు 18 వేలు అంటే, పని 10 గంటలనుకుంటే గంటకు 1,800 పడుతుంది. అప్పుడు అడగాలి.

గంటకు పడే కూలీ మరీ తక్కువగా తేలినా జాగ్రత్తపడండి. 30 గంటల పనికి 5 వేలు చెప్పారంటే, ఏదో ఒక పని వదిలేస్తున్నారు. లేకపోతే సామాను మీద రాబట్టుకుంటారు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో లేబర్ రెట్టింపు ఉంది. అక్కడ ఏం కలిసి ఉంటుంది?

అక్కడ ప్రతి పనికీ కంపెనీ నిర్ణయించిన గంటలు కంప్యూటర్‌లో ఉంటాయి. మెకానిక్ నాలుగు గంటల్లో ముగించినా, ఏడు గంటలు తీసుకున్నా బిల్లులో పడేది ఆ నిర్ణయించిన గంటలే. గంట రేటు కూడా షెడ్డు కంటే ఎక్కువ. దాని మీద 18 శాతం జీఎస్టీ. బదులుగా కంపెనీ మాన్యువల్, ప్రత్యేక పనిముట్లు, బిల్లు, వారంటీ ఉంటాయి.

బండి వారంటీలో ఉంటే, పొడిగించిన వారంటీ తీసుకుని ఉన్నా సరే, వేరే ఆలోచన పెట్టుకోకుండా అక్కడికే వెళ్లండి. బయట ఇంజిన్ విప్పించాక వారంటీ అడిగితే మాట చెల్లదు. వారంటీ దాటిన పాత బండికి, ఆ మోడల్ ఇంజిన్లు చాలా కట్టిన షెడ్డు దొరికితే నా ఓటు షెడ్డుకే. ట్యాక్సీ డ్రైవర్లను అడగండి. రోజూ కొండెక్కి దిగే బండ్లు వాళ్లవి. ఏ మోడల్‌కు ఎవరి చేయి మంచిదో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

లేత్ ఖర్చు లేబర్‌లో కలుస్తుందా?

ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. షెడ్డులో విప్పుతారు, కడతారు. హెడ్ ఫేసింగ్ (హెడ్డును చదును చేయడం), వాల్వు సీట్లు కోయడం, సిలిండర్ బోరు (లోపలి గోడను కోసి కాస్త వెడల్పు చేయడం), క్రాంకు గ్రైండింగ్ లాంటివి లేత్ షాపులో జరుగుతాయి. ఆ బిల్లు వేరు. కొందరు మెకానిక్‌లు దాన్ని కలిపి చెబుతారు, కొందరు "లేత్‌ది మీరే ఇచ్చుకోవాలి సార్" అని చివర్లో అంటారు. కాబట్టి ఏ పనికి లేత్‌కు వెళ్తుంది, ఎవరు కడతారు, ఆ షాపు బిల్లు మన చేతికి వస్తుందా అని ముందే తేల్చుకోండి.

రెండోసారి మా హెడ్డు విప్పినప్పుడు నేను కూడా లేత్ షాపుకు వెళ్లాను. మసి తుడిచి, హెడ్డును బల్ల మీద బోర్లా పెట్టారు. ఆ పెద్దాయన వంకర లేని ఒక ఉక్కు బద్దను దాని మీద అడ్డంగా నిలబెట్టి, వెనక టార్చి లైటు పట్టుకుని, "రండి సార్, ఇక్కడ చూడండి" అన్నారు. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య బద్ద కింద నుంచి సన్నగా వెలుతురు గీత కనిపించింది. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.10 మిల్లీమీటర్ల రేకు ఆ సందులోకి సులువుగా దూరింది. చాలా ఇంజిన్లకు 0.05 దాటితేనే ఒప్పుకోరు. వెంట్రుక మందమంత వంపు అది. దాని మీద ఎంత ఖరీదైన కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. మూడు నెలల క్రితం ఈ బద్ద పెట్టి చూసి ఉంటే చాలు, రెండోసారి ఖర్చే ఉండేది కాదు.

ఇంకో రెండు విషయాలు. బోరు చేయించేటప్పుడు ముందు ఓవర్‌సైజు పిస్టన్లు చేతికి రావాలి, వాటిని కొలిచి దానికి తగ్గట్టు సిలిండర్ కోయాలి. ఇవి మామూలుగా 0.25, 0.50 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. పిస్టన్లు రాకముందే బోరు వేసేస్తామనే చోట ఆగండి. డీజిల్ బండి అయితే, కొన్ని హెడ్లను అసలు ఫేసింగ్ చేయకూడదని కంపెనీయే చెబుతుంది. ఇంకొన్ని ఇంజిన్లకు గ్యాస్కెట్ మందం పిస్టన్ ఎంత పైకి వస్తుందో కొలిచి ఎంచుకోవాలి. మీ మెకానిక్‌కు ఈ సంగతి తెలుసో లేదో అడిగితే ఆయన అనుభవం మీకు అర్థమవుతుంది.

ఇంజిన్ విప్పకముందే ఖచ్చితమైన రేటు చెప్పగలరా?

హెడ్ పనికి దాదాపుగా చెప్పగలరు. లోపలి పనికి చెప్పలేరు. విప్పకముందే "మొత్తం ఇంత" అని గట్టిగా చెప్పే మాటను నేను నమ్మను. విప్పాక సిలిండర్లో గీతలు కనిపించవచ్చు, హెడ్డులో సన్నటి పగులు ఉండవచ్చు.

అందుకని రేటును రెండు దశలుగా మాట్లాడుకోవాలి. విప్పి చూపించడానికి ఇంత, చూశాక చేయాల్సిన పనికి ఇంత. విప్పాక అక్కడ చేయించకూడదని అనుకుంటే విప్పుడు కూలీ ఇచ్చి వచ్చేయవచ్చు, అది ఎంతో ముందే అనుకుని ఉండాలి.

అంతకంటే ముందు, విప్పాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో పరీక్షలు చేయించండి. వీటికి ఖర్చు తక్కువ. కంప్రెషన్ టెస్ట్‌లో ప్రతి సిలిండర్ ఎంత ఒత్తిడి చూపించిందో అంకెలు రాయించుకోండి. అన్నీ దగ్గరగా ఉండి, ఒక్కటే బాగా పడిపోతే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. రేడియేటర్‌లోకి పొగ గ్యాసు వస్తోందో లేదో రంగు మారే ద్రవంతో చూసే పరీక్ష ఉంది. నీలం రంగు పసుపు పచ్చకు తిరిగితే గ్యాస్కెట్ గానీ హెడ్డు గానీ పోయినట్టే. ఆయిల్ మూత కింద మజ్జిగ నురుగులా తెల్లగా పేరుకుందో లేదో చూడండి. అది ఉంటే ఆయిల్‌లోకి నీళ్లు వెళ్తున్నాయని అనుమానించాలి. తక్కువ దూరాలే తిరిగే బండిలో కాస్త తేమ మూత కింద చేరడం మామూలే, కాబట్టి డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి.

సైలెన్సర్ నుంచి వచ్చే పొగ కూడా చెబుతుంది. తెల్లగా, తీపి వాసనతో, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లోపలికి పోతోంది. నీలంగా వస్తే ఆయిల్. నల్లగా వస్తే ఇంధనం ఎక్కువై పూర్తిగా మండడం లేదు, దానికి ఇంజిన్ విప్పాల్సిన పని లేకపోవచ్చు. నల్ల పొగకు ఫుల్ ఇంజిన్ చెప్పారంటే తప్పకుండా రెండో చోట చూపించండి.

వేడెక్కడానికి కారణం ఏమిటో చెప్పకుండా గ్యాస్కెట్ మారుస్తామంటున్నారు. సరేననవచ్చా?

వద్దు. గ్యాస్కెట్ దానంతట అది పోవడం తక్కువ. ఏదో ఒకటి ఇంజిన్‌ను వేడెక్కించాకే పోతుంది. థర్మోస్టాట్ మూసుకుపోవడం, వాటర్ పంపు అరిగిపోవడం, రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోవడం, రేడియేటర్ పూడుకుపోవడం ముఖ్యమైన కారణాలు. మన ప్రాంతంలో ఇంకొకటి చేర్చాలి, బోరు నీళ్లు. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంట్లో బోరు నీళ్లు పోస్తుంటాం. ఆ నీళ్లలోని ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో టీ గిన్నె అడుగున పేరుకున్నట్టు పేరుకుంటుంది. మే ఎండలో ఏసీ వేసుకుని, ఐదుగురిని ఎక్కించుకుని కొండెక్కితే బయటపడుతుంది. కొటేషన్‌లో "కూలింగ్ సిస్టమ్ చెక్" అనే మాట, దాని లేబర్ విడిగా ఉండాలి.

ఒకే పనికి రెండుసార్లు లేబర్ వేస్తున్నారని ఎలా తెలుస్తుంది?

పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. టైమింగ్ బెల్టు తీసిన చోట వాటర్ పంపు చేతికందుతుంది చాలా ఇంజిన్లలో. గేర్‌బాక్స్ వేరు చేశాక క్లచ్ ప్లేటు ఎదురుగా ఉంటుంది, క్రాంకు వెనక ఆయిల్ సీలు కూడా అక్కడే. అప్పుడు క్లచ్ మార్చడానికి సామాను ధర, చిన్న కూలీ మాత్రమే అవ్వాలి. కొటేషన్‌లో "ఇంజిన్ దించి ఎక్కించడం" ఒక లైను, "గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చడం" పూర్తి రేటుతో ఇంకో లైను ఉంటే, "అన్నా, గేర్‌బాక్స్ ఎలాగూ విప్పుతున్నారు కదా, క్లచ్‌కు ఎంత?" అని నెమ్మదిగా అడగండి. నేను చూసిన చాలా చోట్ల వెంటనే తగ్గించారు. మోసం కావాలని చేసేవాళ్లు తక్కువ, ఒక్కో పనికి అలవాటైన రేటు చెప్పేసి వరసగా కూడేస్తారు.

ఇదే కారణంగా క్లచ్ సగం అరిగి ఉంటే ఇప్పుడే మార్పించండి. ఆరు నెలల తర్వాత దాని కోసమే గేర్‌బాక్స్ దించితే తడిసి మోపెడవుతుంది.

సామాను మనమే తెచ్చుకుంటే లేబర్ తగ్గుతుందా?

లేబర్ తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది. షెడ్డుకు సామాను మీద మిగిలే కొంత డబ్బుతోనే లేబర్ తక్కువ చెప్పగలుగుతారు. అది పోతే కూలీ పూర్తిగా అడుగుతారు, అందులో తప్పు లేదు. పైగా మీరు తెచ్చిన గ్యాస్కెట్ పోతే "సామాను మీది" అంటారు, గ్యారంటీ మాట అక్కడితో సరి.

ఖరీదైన వాటికి మాత్రం, పిస్టన్ సెట్టు, టైమింగ్ చైన్ కిట్టు లాంటివి, ఎమ్మార్పీ ఉన్న ప్యాకెట్ తెచ్చి నా ముందు విప్పమంటాను. పాత సామాను మొత్తం ఒక సంచిలో వేసి ఇమ్మని ముందే చెబుతాను. హెడ్ బోల్టుల సంగతి ప్రత్యేకంగా అడగండి. చాలా కొత్త ఇంజిన్లలో అవి బిగించినప్పుడు సాగుతాయి, ఒకసారి విప్పితే పారేసి కొత్తవి వేయాలి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన వరసలో, చెప్పిన కోణం వరకు బిగించాలి. షెడ్డులో టార్క్ రెంచి కనిపించకపోతే ఇంజిన్ పని అక్కడ ఇవ్వకండి. ఈ విషయంలో నేను మొహమాట పడను.

చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజిన్ తెచ్చి వేస్తామంటున్నారు. లేబర్ తక్కువే కదా?

విప్పి కట్టే పని ఉండదు కాబట్టి లేబర్ తక్కువే. చెన్నై పుదుపేట లాంటి చోట్ల పాత ఇంజిన్లు దొరుకుతాయి. కానీ ఆ ఇంజిన్ లోపల ఏముందో వేసేదాకా తెలియదు. చేయిస్తే కొన్న బిల్లు, ఇంజిన్ నంబరు తప్పకుండా తీసుకోండి. ఇంజిన్ నంబరు మారితే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించాలి, బీమా కంపెనీకీ చెప్పాలి. "అదేం అవసరం లేదు సార్" అన్నవాళ్ల మాట వినకండి. రేపు ప్రమాదం జరిగినా, బండి అమ్మినా చిక్కు మీకే.

జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం ఎక్కువ అంటున్నారు. తీసుకోవాలా?

ఇంజిన్ పని స్థాయి ఖర్చుకు బిల్లు తీసుకోవాలనే నేనంటాను. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే చేతిలో ఉండే సాక్ష్యం అదే. రిపేరు లేబర్ మీద జీఎస్టీ 18 శాతం. విడిభాగాల్లో చాలావాటి మీద గతంలో 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అవీ 18 శాతానికి వచ్చాయి. ఇప్పటికీ 28 వేస్తే అడగండి.

బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. మన రాష్ట్రంలో రిజిస్టర్ అయిన షాపుది 37తో మొదలవుతుంది, తమిళనాడుది 33తో. రిజిస్ట్రేషన్ లేని చిన్న షెడ్డు జీఎస్టీ వసూలు చేయకూడదు, కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లూ బిల్లులో విడిగా పన్ను వేయకూడదు. అలాంటి షెడ్డు నుంచి సంతకంతో మామూలు బిల్లు తీసుకున్నా సరిపోతుంది.

మేం వేరే ఊరి నుంచి దర్శనానికి వచ్చాం. కొండ మీద బండి వేడెక్కింది. ఇక్కడే చేయించాలా?

ముందు బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. బానెట్ తెరిచి కనీసం అరగంట చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత విప్పితే ముఖం మీదికి ఆవిరి చిమ్ముతుంది. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు, వేలల్లో పోయే ఖర్చు లక్షకు చేరేది అప్పుడే.

గొట్టం పగలడం, ఫ్యాన్ ఫ్యూజు పోవడం, బెల్టు తెగడం లాంటివైతే ఇక్కడే చేయించుకుని వెళ్లండి. ఇంజిన్ విప్పాలని ఎవరైనా చెబితే, బీమాలో రోడ్డు సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకుని, టోయింగ్‌లో మీ ఊరికి తీసుకెళ్లడం మంచిదని నా అభిప్రాయం. తిరుపతి మెకానిక్‌లు మంచివాళ్లు కాదని ఈ మాట అనడం లేదు. పని జరిగేటప్పుడు మధ్యలో వచ్చి చూడాలి, అయ్యాక ఏదైనా కారితే మళ్లీ తీసుకురావాలి. నంద్యాల నుంచో నెల్లూరు నుంచో అది కుదరదు. తిరుగు ప్రయాణం టెన్షన్‌లో, పిల్లలు ఏడుస్తుంటే ఒప్పుకునే రేటు ఎప్పుడూ సరైన రేటు కాదు.

బీమా వస్తుందా?

వేడెక్కి పోయినా, అరిగి పోయినా మామూలు పాలసీలో రాదు. వరద నీళ్లలో ఇంజిన్ పాడైతే, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉన్నవాళ్లకు వచ్చే అవకాశం ఉంది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు చాలా బండ్లు మునిగాయి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. సిలిండర్లోకి వెళ్లిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాళం తీసేసి, ఫొటోలు తీసుకుని, బీమా వాళ్లకు ఫోన్ చేయండి. సర్వేయర్ చూడకముందు విప్పించకండి.

లేబర్ బేరం ఆడవచ్చా?

ఆడవచ్చు, కానీ నేను ఆడను. ఇంజిన్ కట్టే చేతి దగ్గర రెండు వేలు తగ్గించి, ఆయన ఆ రెండు వేల పని వదిలేస్తే నష్టం మనదే. వాల్వులు చేత్తో రుద్ది కూర్చోబెట్టడం, పాత గ్యాస్కెట్ ముక్కలు గీరి శుభ్రం చేయడం, ఆయిల్ దారులు గాలి కొట్టి తుడవడం లాంటివి మనకు కనిపించవు. అక్కర్లేని పనులు తీసేయించండి, రెండుసార్లు పడ్డ లేబర్ తీసేయించండి, సామాను ధరలు సరిచూడండి. మిగిలిన కూలీ ఇచ్చేయండి. అడ్వాన్స్ మాత్రం సామాను ఖర్చు వరకే ఇవ్వండి, కూలీ బండి నడిపి చూశాక.

గ్యారంటీ ఎంత అడగాలి?

ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, సామానుకా, లేబర్‌కు కూడానా అని రాయించుకోండి. హెడ్ పనికి కనీసం ఆరు నెలలు అడగడం సమంజసం. మళ్లీ పోతే లేబర్ లేకుండా విప్పి కడతారా అనేదే అందులో ముఖ్యమైన మాట.

ముందు చెప్పినదానికి రెట్టింపు బిల్లు వేసి, కట్టేదాకా బండి ఇవ్వమంటున్నారు. అలా చేయవచ్చా?

చేసిన పనికి న్యాయంగా రావాల్సిన కూలీ కోసం బండిని దగ్గర ఉంచుకునే హక్కు పనివాడికి ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ మీరు ఒప్పుకోని పనికి డబ్బు అడిగే హక్కు దానివల్ల రాదు. అందుకే మొదట రాయించుకున్న కాగితం, మధ్యలో "ఇది కూడా చేయాలి సార్, ఇంత అవుతుంది" అని అడిగినప్పుడు మీరిచ్చిన జవాబు వాట్సాప్‌లో ఉండాలి. ఫోన్‌లో ఒప్పుకున్నా వెంటనే మెసేజ్ పెట్టండి.

మాటలతో తేలకపోతే, రాసుకున్న మొత్తం కట్టి, మిగిలింది అభ్యంతరంతో కడుతున్నానని బిల్లు మీద రాసి బండి తెచ్చుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దానితోనూ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

బండి తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

ఉదయం చల్లటి ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయమనండి. సాయంత్రం వేడి మీద ఇస్తే మొదటి స్టార్ట్‌లో వచ్చే పొగ, చప్పుడు కనిపించవు. కూలెంట్ మట్టం దగ్గర ఒక గీత గీసుకోండి. పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టుకుని ఏసీ వేసి ఓ ఇరవై కిలోమీటర్లు నడపండి. తిరుపతి వాళ్లయితే చంద్రగిరి దాకా వెళ్లి రండి, చిత్తూరు వాళ్లయితే కాణిపాకం వెళ్లి రావచ్చు. వచ్చాక బండి కింద అట్టముక్క పరిచి పావుగంట ఆగి, చుక్కలు పడ్డాయేమో చూడండి. మర్నాడు ఉదయం చల్లారాక ఆ గీత దగ్గరే కూలెంట్ ఉందా, తగ్గిందా చూసి అప్పుడు మిగిలిన డబ్బు ఇవ్వండి.

రింగులు, పిస్టన్లు మార్చి ఉంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు నిండా మనుషులతో కొండెక్కించకండి. ఒకే వేగంలో గంటల తరబడి తోలకండి. వెయ్యి దాటగానే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. ఆ ఆయిల్ మార్పు లేబర్ కూడా మొదటి కొటేషన్‌లోనే కలిపి రాయించుకుంటే ఇంకా మంచిది, నేను ఇప్పుడు అలాగే రాయిస్తున్నాను.